కెనాలెటో ‘స్టోన్‌మేసన్స్ యార్డ్’ ని ఇంట్లో యాక్రిలిక్ తో కాపీ చేయడం ఎలా

ప్రతి నెలా ఒకరిద్దరైనా ఇదే అడుగుతున్నారు. "పాత వెనిస్ పెయింటింగ్ కాపీ చేద్దామని కూర్చున్నానండీ, గ్రిడ్ వేశా, బిల్డింగులన్నీ కరెక్ట్ గానే వచ్చాయి, కానీ బొమ్మ చచ్చినట్టు ఉంది ఎందుకు?" అని. ఫొటో పంపితే చూస్తే నూటికి తొంభై మందిది ఒకటే కథ, రెండు రోజులు కూర్చుని ఇటుకలు గీశారు, మనుషుల్ని చివర్లో అతికించారు. అందుకే ఒకసారి మొత్తం రాసేస్తున్నా, ఇక అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

నేను తీసుకున్న బొమ్మ ‘స్టోన్‌మేసన్స్ యార్డ్’, అంటే రాళ్లు చెక్కేవాళ్ల పెరడు, వెనిస్ పెయింటర్ కెనాలెటో సుమారు 1725లో వేసింది. ఆయన అసలు పేరు జొవాన్నీ అంటోనియో కనాల్, వాళ్ల నాన్న నాటకాలకి తెరలు వేసే పెయింటర్. అప్పటికి ఈయనకి 28 ఏళ్లు ఉంటాయేమో. తర్వాత తర్వాత వెనిస్ చూడటానికి వచ్చే ఇంగ్లీషు దొరలకి తళతళలాడే ఎండ, పడవల పండగలు తెగ వేసి అమ్మాడు, అవి నాకు అంత ఎక్కవు. ఇది మాత్రం వేరు. వెనిస్ లోని పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్ ఒడ్డున శాన్ విదాల్ చర్చి ముందు ఖాళీ స్థలం, అక్కడ రాళ్లు చెక్కేవాళ్లు షెడ్డు వేసుకుని పని చేసుకుంటున్నారు, పక్కన ఇళ్లలో ఆడవాళ్లు బట్టలు ఆరేస్తున్నారు, నీళ్లు తోడుతున్నారు, ఒకామె బాల్కనీలో నూలు వడుకుతోంది, ఎడమ వైపు కింద మూలలో పిల్లాడు దబ్బున పడి భయంతో ఉచ్చ పోసేసుకుంటుంటే తల్లి చేతులు చాపుకుని పరిగెత్తుతోంది. కాలవ అవతల శాంతా మరియా దెల్లా కారితా చర్చి. చూడగానే చర్చి బొమ్మ అనిపిస్తుంది గానీ హీరోలు మాత్రం ఇవతల ఒడ్డున పని చేసుకునేవాళ్లే. కాపీ చేసేటప్పుడు మీరు మర్చిపోకూడనిది ఇదొక్కటే.

ఏమేం కావాలి

- 12×16 ఇంచుల కాన్వాస్ బోర్డ్. ఈ సైజే ఎందుకంటే ఒరిజినల్ 123.8 × 162.9 సెంటీమీటర్లు, దాదాపు ఇదే షేపు. 10×12, 12×12 కొనకండి, తర్వాత సాగదీయాలి లేదా కోసేయాలి.
- రంగులు ఆరు మాత్రమే: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, ప్రషియన్ బ్లూ, ఏదో ఒక ఎరుపు. నలుపు కొనొద్దు, ఇంట్లో ఉంటే దాచేయండి.
- బ్రష్‌లు: ఒక ఇంచు ఫ్లాట్, 6 నంబర్ ఫ్లాట్, 2 నంబర్ రౌండ్, సన్నగా పొడుగ్గా ఉండే లైనర్ ఒకటి.
- తెల్ల చాక్ పెన్సిల్ (లేకపోతే చెక్కిన చాక్‌పీస్), స్కేలు, ఇంకు అయిపోయిన బాల్ పెన్ రీఫిల్.
- నీళ్ల స్ప్రే బాటిల్, స్టీల్ కంచం, టిష్యూలు, బటర్ పేపర్. కంచంలో తడి టిష్యూ పరిచి పైన బటర్ పేపర్ వేస్తే రంగులు గంటల తరబడి ఆరవు. మన ఎండలకి ఇది లేకుండా యాక్రిలిక్ జోలికి వెళ్లొద్దు.
- రెండు ఆదివారాలు. ఒక్క రోజులో అవుతుంది అనేవాళ్ల మాట నమ్మకండి.

ఆయిల్స్ ఉన్నవాళ్లు ఇవే స్టెప్స్ ఆయిల్స్ తో చేసుకోవచ్చు, కింద గ్రౌండ్ (బొమ్మ మొదలుపెట్టే ముందు కాన్వాస్ అంతా పూసే అడుగు పూత) ఒక్కటి యాక్రిలిక్ తో వేసుకుంటే త్వరగా ఆరుతుంది. యాక్రిలిక్ మీద ఆయిల్ పర్లేదు, ఆయిల్ మీద యాక్రిలిక్ మాత్రం పట్టదు, కొన్నాళ్లకి పొరలు పొరలుగా లేచిపోతుంది. వాటర్ కలర్ వాళ్లకి ఈ పద్ధతి తిరగేసి చేయాలి, తెలుపు ముందే వదిలేసుకుంటూ రావాలి, అది ఇక్కడ చెప్పను.

1. రిఫరెన్స్ ఫొటో సరైనది తెచ్చుకోండి

ఒరిజినల్ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. మూడొందల ఏళ్ల నాటి బొమ్మ కాబట్టి నేర్చుకోవడానికి కాపీ చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. గ్యాలరీ సైట్ లోనో వికీమీడియా కామన్స్ లోనో పెద్ద ఫైల్ దొరుకుతుంది, అది తీసుకోండి. వాల్‌పేపర్ సైట్ల నుంచి, పిన్ బోర్డుల నుంచి తీసుకుంటే ఒకదాంట్లో ఆకాశం పచ్చగా, ఇంకోదాంట్లో రోజ్ కలర్ లో ఉంటుంది. ఈ మధ్య ఏఐతో షార్ప్ చేసిన ఫొటోలు కూడా తిరుగుతున్నాయి, వాటిల్లో మనుషులకి లేని ముక్కులు మొలుస్తాయి, చూసి నవ్వుకోవడానికే తప్ప గీయడానికి పనికిరావు.

ఫోన్ లో నైట్ మోడ్, ఐ కంఫర్ట్ లాంటివి ఆఫ్ చేయండి. ఒకాయన ఆకాశం మొత్తం పసుపు కలిపి వేశాడు, తీరా చూస్తే ఫోన్ లో బ్లూ లైట్ ఫిల్టర్ ఆన్ లో ఉంది.

ఇంకో హెచ్చరిక. ఇప్పటి వెనిస్ ఫొటోలు చూసి బొమ్మని "సరిచేయకండి". కాలవ అవతల నిలువుగా కనిపించే ఆ గంటల గోపురం 1744లో కూలిపోయింది, మళ్లీ కట్టలేదు. ఆ చర్చి బిల్డింగ్ ఇప్పుడు అకాడెమియా మ్యూజియంలో భాగం. ఫొటోల్లో అక్కడ కనిపించే చెక్క బ్రిడ్జ్ కెనాలెటో కాలంలో లేదు, ఆ చోట మొదటి బ్రిడ్జ్ వచ్చిందే 1854లో. అందుకని ఫొటోలో గోపురం ఏదీ, బొమ్మలో బ్రిడ్జ్ ఏదీ అని కంగారు పడొద్దు.

లండన్ లో ఉన్న మనవాళ్లు నేరుగా వెళ్లి చూడొచ్చు, ఎంట్రీ ఫ్రీ. ఆ రోజు బొమ్మ గోడ మీద ఉందో లేదో సైట్ లో చూసుకుని బయల్దేరండి.

2. అరగంట ఊరికే చూడండి, బ్రష్ ముట్టుకోవద్దు

జూమ్ చేసి వీటిని వెతకండి: కిటికీ గట్టు మీద కోడిపుంజు, నేల మీద వంగి ఉలి పట్టుకున్న మనిషి, బావి దగ్గర ఆడమనిషి, పడిపోయిన పిల్లాడు, పై బాల్కనీ నుంచి తొంగి చూస్తున్నామె, గరాటు నిలబెట్టినట్టు పైన వెడల్పుగా ఉండే పొగగొట్టాలు. అన్నీ దొరికాక జూమ్ తీసేసి కళ్లు సగం మూసి చూడండి. ఇప్పుడు కోడి లేదు, ఉలి లేదు, వెలుతురు ముక్కలు నీడ ముక్కలు మాత్రమే ఉంటాయి. పొద్దున్నపూట ఎండ ఎడమ వైపు నుంచి పడుతోంది. ఆ ముక్కలే మీరు వేయబోయే బొమ్మ, కోడిపుంజు రెండో ఆదివారం సాయంత్రం పని.

3. క్రాప్

ఫోన్ ఎడిటర్ లో 4:3 పెట్టి క్రాప్ చేయండి. పైన ఆకాశంలో ఒక సన్నటి పట్టీ పోతుంది అంతే. కింద నుంచి కోయకండి, కింద అంతా మనుషులే. మీ కాన్వాస్ వెడల్పు ఒరిజినల్ లో నాలుగో వంతు, అంటే విస్తీర్ణంలో పదహారో వంతు. ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి, ఆయన 2 సెంటీమీటర్లలో వేసింది మీకు 5 మిల్లీమీటర్లలో రావాలి, అందులో గుండీలు, గోళ్లు పట్టవు, పట్టించాలని చూడొద్దు.

4. గ్రౌండ్: తెల్ల కాన్వాస్ మీద మొదలుపెట్టొద్దు

బర్న్ట్ సియెన్నా, కొంచెం అంబర్, కాస్త తెలుపు, నీళ్లు కలిపి మొత్తం కాన్వాస్ కి ఇటుకపొడి రంగు పూయండి. తొలి రోజుల్లో కెనాలెటో కూడా ఇలా ఎర్రటి గోధుమ రంగు పూత మీదే వేసేవాడు. దీనివల్ల లాభం ఏంటంటే మీరు పైన వదిలేసిన సందుల్లోంచి వెచ్చటి రంగు కనిపిస్తుంది, ఇటుక గోడలు సగం వాటంతట అవే వచ్చేస్తాయి. తెల్ల కాన్వాస్ మీద అయితే వదిలేసిన ప్రతి సందూ పళ్లు ఇకిలిస్తుంది.

చెక్ చేయడం ఎలా: ఆరాక ఫోన్ లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీయండి. మధ్యస్థంగా బూడిద రంగులో కనిపించాలి. నల్లగా కనిపిస్తే మరీ ముదురు వేశారు, మీద తెలుపు కలిపిన ఇంకో పల్చటి పూత వేయండి.

5. గీత

చాక్ తో 2 ఇంచుల గళ్లు, అడ్డంగా 8, నిలువుగా 6. ఫొటో మీద కూడా అన్నే గళ్లు. మొదట వేయాల్సినవి మూడే: కాలవ అవతలి గట్టు గీత, గోపురం నిలువు, ఇటు పక్క ఇళ్ల అంచులు. ఆ తర్వాత షెడ్డు కప్పు. ఆపేయండి. కిటికీలు ఇప్పుడే గీయొద్దు, రంగు వేస్తే ఎలాగూ పోతాయి.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. మనం కొంచెం ఎత్తులోంచి, మేడ మీద కిటికీలోంచి చూస్తున్నట్టుగా ఉంటుంది ఈ సీన్. కాబట్టి దగ్గరి మనిషి తల, దూరపు మనిషి తల ఒకే గీత మీద రాకూడదు, దగ్గరివాళ్లు కిందకి ఉంటారు. చాలామంది అలవాటు కొద్దీ అందరి తలలూ ఒకే లైన్లో పెట్టేస్తారు, అప్పుడు పెరడు కాస్తా స్టేజీ అయిపోతుంది, మనుషులు గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు.

గోపురం నిటారుగా ఉందో లేదో స్కేలుతో కొలవండి, కాన్వాస్ అంచు నుంచి పైన ఎంత దూరమో కింద అంత. కంటిచూపుని నమ్మొద్దు.

6. మూడు టోన్లు

ఒక ఇంచు ఫ్లాట్ తో ముదురు, మధ్యస్థం, లేత, ఈ మూడే. ముదురుకి అంబర్ లో చిటికెడు ప్రషియన్ బ్లూ, నీడ ముక్కలన్నిటికీ అదే. మధ్యస్థం మీ గ్రౌండే, దాన్ని వదిలేయండి. లేతకి తెలుపులో ఓకర్, ఎండ పడే గోడలకి, రాళ్లకి. ఇరవై నిమిషాల్లో అయిపోవాలి. గంట పట్టిందంటే మీరు కిటికీలు వేస్తున్నారని అర్థం.

ఇప్పుడు ఆరడుగుల దూరం నుంచి చూడండి. అక్కడి నుంచే "ఏదో ఊరు, పొద్దున్న ఎండ" అనిపించాలి. అనిపించలేదంటే ఇక్కడే ఆగి సరిచేయండి, ముందుకెళ్తే డీటెయిల్ కాపాడుతుంది అనుకుంటారు, కాపాడదు. చచ్చినట్టు ఉన్న బొమ్మలన్నీ ఈ స్టెప్ దగ్గరే చస్తాయి.

7. ఆకాశం

ప్రషియన్ బ్లూ అప్పట్లో కొత్తగా మార్కెట్ లోకి వచ్చిన రంగు, 1700ల మొదట్లో బెర్లిన్ లో తయారైంది, కెనాలెటో దాన్ని బాగా వాడాడు. కానీ అది రాక్షసి. పెద్ద ముద్ద తెలుపుకి బియ్యపు గింజంత నీలం చాలు. నా మొదటి కాపీలో శనగ గింజంత వేసి, లేతగా చేద్దామని తెలుపు కలుపుతూ కలుపుతూ సగం ట్యూబు అయిపోయింది, అయినా ఆకాశం రిన్ నీలంలాగే ఉంది. ఎప్పుడూ తెలుపులోకి నీలం కలపండి, నీలంలోకి తెలుపు కాదు.

ఆ మిశ్రమంలో కొంచెం అంబర్ కూడా వేసి దాని మెరుపు చంపండి, ఎందుకంటే ఈ ఆకాశం పోస్ట్‌కార్డ్ ఆకాశం కాదు, మబ్బులు బరువుగా ఉన్నాయి. ఫ్యాన్ ఆపండి, కాన్వాస్ మీద స్ప్రే కొట్టి తడిగా ఉండగానే నీలం, మబ్బు బూడిద రెండూ పక్కపక్కన వేసి పొడి బ్రష్ తో అంచులు కలపండి. ఒకసారి ఆరడం మొదలైతే రుద్దకండి, కింది పూత లేచి మచ్చ పడుతుంది. పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ తడిపి ఇంకో పూత వేయడమే దారి. యాక్రిలిక్ ఆరాక ఒక షేడ్ ముదురుతుంది, కాబట్టి కావాల్సినదానికన్నా కాస్త లేతగా కలపండి.

మొదటి ఆదివారం ఇక్కడితో సరి. బ్రష్‌లు సబ్బుతో కడగండి, యాక్రిలిక్ ఆరిన బ్రష్ చీపురు పుల్లతో సమానం.

8. అవతలి ఒడ్డు, నీళ్లు

చర్చి గోడకి సియెన్నా, ఓకర్, తెలుపు, చిటికెడు ఆకాశం మిశ్రమం. ఆ చిటికెడు వేయకపోతే గోడ దూరం పోదు, ముక్కు మీదకి వచ్చేస్తుంది. ఇటుకలు గీయొద్దు. దండం పెట్టి చెప్తున్నా, గీయొద్దు. దాదాపు పొడిగా ఉన్న బ్రష్ తో గ్రౌండ్ మీద అడ్డంగా ఒకసారి లాగితే గరుకుదనం అదే వస్తుంది.

నిక్కచ్చి గీతలకి, అంటే కప్పు అంచులు, కిటికీ అంచులకి, రంగు తడిగా ఉండగా స్కేలు పెట్టి ఖాళీ రీఫిల్ తో గీకండి, కింద గ్రౌండ్ రంగు సన్నటి గీతగా బయటపడుతుంది. కెనాలెటో పెయింటింగ్స్ లో కూడా ఇలా రూలర్ పెట్టి మొనతో గీరిన గీతలు దొరుకుతాయి, కాబట్టి ఇది దొంగతనం అని ఫీల్ అవ్వక్కర్లేదు. అన్ని గీతలూ స్కేలుతో వేస్తే మాత్రం ఇంజనీరింగ్ డ్రాయింగ్ లా ఉంటుంది, పెద్ద గీతలకి స్కేలు, చిన్నవాటికి చెయ్యి.

నీళ్లు నీలం కాదు. ఆకాశం మిశ్రమంలో ఓకర్ కలిపితే బూడిద పచ్చ వస్తుంది, అదే. అడ్డంగా మాత్రమే బ్రష్ ఆడాలి. పడవలు రెండు మూడు ముదురు స్ట్రోక్‌లు, కింద కొంచెం నీడ, చాలు. ఈ బొమ్మలో కాలవ అసలు చాలా కొంచెమే కనిపిస్తుంది, దాన్ని అందంగా చేద్దామని గంటలు కూర్చోకండి.

9. పెరడు, రాళ్లు

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. ఆ తెల్ల రాయి ఇస్ట్రియా నుంచి పడవల మీద వచ్చేది, ఏడ్రియాటిక్ సముద్రం అవతలి వైపు, ఇప్పటి క్రొయేషియా ప్రాంతం. ఉప్పునీటికి తట్టుకుంటుందని వెనిస్ లో పునాదులకి, గడపలకి, కిటికీ చట్రాలకి అదే వాడేవాళ్లు. అంటే ఈ బొమ్మలో కనిపించే దిమ్మెలే రేపు ఎవరింటి మెట్లో, చర్చి గోడో అవుతాయి. ఈ రాళ్లు పక్కనే ఉన్న శాన్ విదాల్ చర్చి పనికోసమే తెచ్చినవని అంటారు.

ప్రతి దిమ్మెకి మూడు ముఖాలు: పైది లేత (తెలుపులో ఓకర్, వీలైతే ఒక పిసరు ఎరుపు), ఎండ వైపు మధ్యస్థం, నీడ వైపు బూడిద నీలం. మూడు ముఖాలకీ మూడు స్ట్రోక్‌లు, అంచులు కలపొద్దు, కలిపితే రాయి కాస్తా దిండు అయిపోతుంది. ట్యూబులోని తెలుపు నేరుగా ఎక్కడా వాడకండి. కింద నేల మీద ముదురు నీడ గీత తప్పనిసరి, అది లేకపోతే రాళ్లు గాల్లో తేలతాయి. చుట్టూ చెక్కిన పెళ్లలు పడి ఉంటాయి కదా, పాత బ్రష్ తో అక్కడక్కడా చుక్కలు కొట్టండి. టూత్ బ్రష్ తో చిమ్మొచ్చు కూడా, ఆకాశం మీద పేపర్ కప్పి చిమ్మండి, లేకపోతే వెనిస్ లో మంచు పడుతుంది.

షెడ్డు చెక్కది, కొత్త చెక్క కాదు, ఎండకి వానకి వెలిసిపోయిన చెక్క. బూడిద రంగులో కొంచెం ఓకర్. పలకలు ఒకే వెడల్పులో వేయకండి.

10. మనుషులు

అందరూ భయపడే చోటు. మీ సైజులో ముందున్న మనిషి కూడా చాలా చిన్నగా ఉంటాడు, మరి అంత దాంట్లో ముఖం ఎలా వేస్తారు? వేయరు. వరస ఇది:

మొదట మనిషి మొత్తం ఒకే ముదురు మచ్చ, ముఖ్యంగా నడుం ఎటు వంగిందో. ఆరాక ఎండ పడే వైపు చొక్కా ఒక స్ట్రోక్. తల, చెయ్యి, సియెన్నా తెలుపు కలిపిన చుక్కలు. చివరగా భుజం మీదో టోపీ మీదో ఒకే ఒక్క లేత చుక్క. కాళ్ల కింద నీడ. ఐదారు స్ట్రోక్‌లకి మించితే తుడిచేసి మళ్లీ వేయండి.

రాయి చెక్కే భంగిమ అర్థం కాకపోతే కెనాలెటోని ఎంత జూమ్ చేసినా లాభం లేదు, నిజం మనిషిని చూడండి. ఆళ్లగడ్డ వైపు వెళ్తే శిల్పులు రోడ్డు పక్కనే పని చేస్తుంటారు, లేదా మీ ఊళ్లో రోళ్లకి గంట్లు కొట్టేవాళ్లని చూడండి. బరువంతా ఎక్కడుంది, ఉలి పట్టిన చెయ్యి రాయి మీద ఎలా ఆనింది, సుత్తి చెయ్యి మోచేయి ఎంత దూరం పోతోంది. రెండు నిమిషాలు ఫోన్ లో వీడియో తీసుకుని (అడిగి తీయండి) పెన్సిల్ తో పది గీతలు గీస్తే చాలు, మూడొందల ఏళ్ల కిందటి వెనిస్ మనిషి నడుం కూడా అలాగే వంగుతుంది.

పిల్లాడు, తల్లి మీద ఒక మాట. ఇది తమాషాగా ఉందని దీన్ని మిగతావాళ్లకన్నా పెద్దగా, రంగుగా వేసేస్తారు. వద్దు. ఆమె ఒంటి వాలు ఒక్కటి సరిగ్గా పట్టండి, పడబోతుందా అన్నంతగా ముందుకి వాలి ఉండాలి, చేతులు చాపి. నిటారుగా నిలబెట్టారంటే పిల్లాడిని తిడుతున్నట్టు అవుతుంది, కథే మారిపోతుంది.

11. సన్న పని

లైనర్ తో బట్టల దండేలు, కర్రలు, కిటికీ గట్లు. రంగు ఇంకు అంత పల్చగా ఉండాలి, చిక్కగా ఉంటే మధ్యలో తెగుతుంది. ఊపిరి బిగబట్టి ఒకే లాగు, తెగితే తెగనివ్వండి, ఎండలో సన్నటి తాడు ఎలాగూ సగమే కనిపిస్తుంది. ఆరేసిన బట్టలు తెల్లగా మెరిపించాలని ఉంటుంది, కానీ రాళ్లకన్నా ఒక మెట్టు తక్కువగా ఉంచండి, కంటికి ముందు రాళ్లే తగలాలి. పొగగొట్టాలు, కోడిపుంజు, అన్నీ ఇప్పుడే.

పూర్తయ్యాక ఎలా చెక్ చేసుకోవాలి

బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి, ఒరిజినల్ ని కూడా బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కపక్కన పెట్టండి. రంగులు తేడా ఉన్నా ఫర్వాలేదు, వెలుగు నీడలు కలవాలి. మీది మొత్తం ఒకే బూడిదలా ఉంటే ముదురు నీడలు సరిపోలేదు.

ఫొటోని అద్దంలోలా తిప్పి చూడండి, వంకర గోడలు వెంటనే దొరికిపోతాయి.

అరచేత్తో పై సగం మూసేయండి. కింద సగం ఒక్కటే చూసినా బొమ్మలా నిలబడితే గెలిచినట్టే. కింద సగం మూసి పై సగం ఒక్కటే బావుందనిపిస్తే మళ్లీ 9, 10 స్టెప్స్ కి వెళ్లాలి, మీరు చర్చి బొమ్మ వేశారు.

పెయింటింగ్ తెలియని ఇంట్లోవాళ్లకి చూపించి "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని మాత్రం అడగండి, బావుందా అని అడగొద్దు. మా అమ్మ నా రెండో కాపీ చూసి "ఎవరో ఇల్లు కట్టుకుంటున్నట్టున్నారు, ఆ పిల్లాడు పడ్డాడు చూడు" అంది. మొదటిదాన్ని చూసి "క్యాలెండరా?" అంది.

ఒక వారం ఆగి వార్నిష్ వేయండి, తేమ ఎక్కువున్న వానాకాలంలో అయితే ఇంకా ఆగండి, లేకపోతే పాలు ఒలికినట్టు తెల్లగా మబ్బు పడుతుంది. సంతకం మీదే పెట్టండి, కెనాలెటో పేరు ముందు వైపు ఎక్కడా రాయొద్దు. వెనకాల "కెనాలెటోకి కాపీ", మీ పేరు, తేదీ రాసి, ఏ రంగులు వాడారో కూడా రాసుకోండి, మూడో కాపీ వేసేటప్పుడు ఆకాశంలో నీలం ఎంత కలిపారో మీకు అస్సలు గుర్తుండదు.